ఏమండీ అంటే పలికే పెట్టె

చుట్టాల్లో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని 'వెర్షన్ బాబాయ్' అంటారు. ఏ వస్తువు చేతికిచ్చినా రెండువైపులా తిప్పి చూసి, "ఇది పాత వెర్షన్" అనడం ఆయన అలవాటు. బావమరిది పెళ్ళిలో పెళ్ళికొడుకు చేతికున్న గడియారం చూసి కూడా అదే మాటన్నాడు. "అయ్యో, కాసేపాగితే నన్ను కూడా అనేస్తాడు, మా బావని ఎవరైనా అటు తీసుకెళ్ళండర్రా!" అని బావమరిది అందరిముందూ మొత్తుకున్నాడు. ఆ రోజుతో పేరు స్థిరపడిపోయింది. ఆఫీసుకు ఎవరు మోసుకెళ్ళారో తెలియదు గానీ, అక్కడ కూడా ఆయన వెర్షన్ గారే.

ఆయనకు ఆ పేరంటే కోపం లేదు. లోలోపల కొంచెం ఇష్టం కూడా. లోకం ముందుకు పోతోందని, తను దాని పక్కనే నడుస్తున్నానని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే యాభై దాటేదాకా హాయిగా బతికేశాడు.

ఇంట్లోకి మొదటిసారి ఇంటర్నెట్ వచ్చిన రోజు ఆఫీసుకు సెలవు పెట్టాడు. ఫోను తీగకు తగిలించిన పెట్టె కీచుమని అరిచి, గురగురమని, గొంతు సవరించుకున్నాక తెర మీద ఒక బొమ్మ పైనుంచి కిందికి మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. ఎక్కడో సముద్రం అడుగున తీసిన చేప ఫొటో. తల దిగింది, మొప్పలు దిగాయి, తోక దిగేలోగా లైను తెగిపోయింది. పక్కన నిలబడి చూస్తున్న భార్య, "పోనీలెండి, తోక రేపు చూద్దాం" అని కుట్టుమిషను దగ్గరకు వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఆ సగం చేప ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇక ప్రపంచంలో తెలుసుకోలేని విషయమంటూ ఉండదని, అబద్ధాలు చెప్పి బతకడం ఎవరి తరమూ కాదని, ఆ వారమంతా కనిపించినవాడికల్లా చెప్పాడు.

ఇప్పుడు పొద్దున్నే ఆయన ఫోనుకు వచ్చే మొదటి అబద్ధం బావమరిది దగ్గర్నుంచే వస్తుంది. తలగడ పక్కన ఫోను పెట్టుకుంటే రక్తం పలచబడుతుందట, తప్పకుండా పదిమందికీ పంపాలట. మొదట్లో ఆయన రుజువులు వెతికి, ఓపిగ్గా జవాబులు రాసేవాడు. "నిజమో కాదో నాకెందుకు బావా, మంచి మాటే కదాని పంపా" అనేవాడు బావమరిది. ఇప్పుడు ఆయన ఒక బొటనవేలు బొమ్మ నొక్కి ఊరుకుంటున్నాడు. వాదించే ఓపిక లేదు.

ఆఫీసు సంగతి ఇంకా నీరసం. కళ్ళజోళ్ళ దుకాణాలకు అద్దాలు సరఫరా చేసే కంపెనీ అది. వయసులో ఉన్నప్పుడు దాని సాఫ్ట్‌వేర్ మొత్తం ఆయనే రాశాడు. దుకాణంవాళ్ళు ఫోన్‌లో పవర్ నంబర్లు చెబితే, ఇక్కడ గుమస్తా వాటిని కంప్యూటర్లో కొట్టేవాడు. కుడికంటికీ ఎడమకంటికీ మరీ పొంతన లేని నంబర్లు పడితే ప్రోగ్రాం, 'ఒకసారి మళ్ళీ అడగండి' అని తెలుగులో చెప్పేది. ఆ వాక్యం ఆయన సొంతం. దాన్ని రాసిన రోజు భార్యకు మూడుసార్లు చదివి వినిపించాడు కూడా. పోయినేడాది కంపెనీ నెలనెలా అద్దె కట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. "మీదానికి ఫోన్ యాప్ లేదు కదండీ" అన్నాడు మేనేజరు, సంతాపం తెలిపే గొంతుతో. కొత్తదాంట్లో రంగులు బాగుంటాయి. ఏ అర్ధరాత్రో దానంతట అదే మారిపోతుంది, నిన్న ఎడమవైపు ఉన్న బటన్ ఇవాళ కుడివైపుకు పోతుంది. ఎందుకు పోయిందని అడగడానికి మనిషి దొరకడు, మన ఫిర్యాదుకు ఒక నంబరు మాత్రం వస్తుంది. ఇప్పుడు వెర్షన్ గారి ఉద్యోగం దుకాణంవాళ్ళు మరిచిపోయిన పాస్‌వర్డులు మార్చి ఇవ్వడం.

"ఒకప్పుడు మనకి ఏం కావాలో అడిగి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం, ఇప్పుడు దానికేం కావాలో అది మనల్ని అడుగుతోంది" అని క్యాంటీన్‌లో అన్నాడొకసారి. చుట్టూ ఉన్న కుర్రకారు తలలూపారు. అందరూ ఫోన్లు చూసుకుంటూనే ఊపారు.

అయినా కొత్తదేదైనా వచ్చిందంటే ఆయనకు ఇప్పటికీ నోరూరుతుంది. డ్రైవరు లేకుండా నడిచే కార్లు, దారి చూపే కళ్ళజోళ్ళు, అడిగితే వ్యాసం రాసిపెట్టే యంత్రాలు, అన్నిటి గురించీ చదువుతాడు. చదివాక ఉసూరుమంటాడు. వెర్షన్ మారిందంటే ఒకప్పుడు సంబరంగా ఉండేది. ఇప్పుడు ఫోను, టీవీ, కంప్యూటరు, ఆఖరికి ఒంటికి పెట్టుకునే బీపీ మిషను కూడా అప్‌డేట్ అడుగుతుంటే తలప్రాణం తోకకొస్తోంది. దానికితోడు చుట్టాలందరి ఫోన్లకూ ఆయనే దిక్కు. పెళ్ళికి వెళ్ళినా చావుకు వెళ్ళినా ఎవరో ఒకరు పక్కకు లాగి, "బాబాయ్, ఇది కాస్త హ్యాంగవుతోంది, చూడవా" అంటారు.

ఆఫీసులో చేతికి పని లేక, చేతనైన పని ఒకటి ఇంట్లోనైనా చేద్దామని పట్టుకున్నాడు ఆయన. అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు ఒకటి, మైకు, స్పీకరు కొన్నాడు. పాత బిస్కెట్ల డబ్బాకు కన్నాలు పెట్టి అందులో బిగించాడు. పిలిస్తే పలికి, లైట్లూ ఫ్యాన్లూ వేసి, లెక్కలు చెప్పి, పాటలు పెట్టే పెట్టె. బజారులో అలాంటివి బోలెడున్నాయి. "వాటిని వాళ్ళు పెట్టిన పేరుతోనే పిలవాలి, మన మాట దేశాలు దాటి పోయి రావాలి. ఇది మన మాట వింటుంది, ఇంట్లోనే ఉంచుకుంటుంది" అన్నాడు భార్యతో. చాలాకాలానికి ఆయన గొంతులో హుషారు విని ఆవిడ మిషను ఆపి మరీ విన్నది.

దాన్ని ఏమని పిలవాలన్నది ప్రశ్న. యంత్రం ఒకే ఒక్క పిలుపుకు మేలుకోవాలి, ఆ పిలుపు ఇంట్లో అందరి నోళ్ళలో నానుతున్నదై ఉండాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరు. రోజంతా ఎక్కువగా వినిపించే మాట ఏదని ఆలోచిస్తే, వెనక గదిలోంచి అదే వచ్చింది.

"ఏమండీ, ఈ చివర పట్టుకుంటారా?"

ఆవిడ కర్టెన్లు కుడుతుంది. హోటళ్ళకు, ఆఫీసులకు, పెద్ద కిటికీలున్న ఇళ్ళకు. అంత పొడుగు గుడ్డ కత్తిరించాలన్నా మడవాలన్నా ఇద్దరుండాలి. ఆవిడ ఒక చివర, ఆయన ఒక చివర పట్టుకుని, గుడ్డ బిగించి, దగ్గరికొచ్చి చేతులు కలిపి, మళ్ళీ దూరం జరుగుతారు. రోజుకు ఎన్నిసార్లు పిలుస్తుందో లెక్కలేదు. గుడ్డ చివర పట్టుకుని నిలబడి ఉండగానే ఆయనకు ఆ ఊహ తట్టింది. "దొరికింది! ఏమండీ అంటే పలుకుతుంది!" అన్నాడు. గుడ్డ వదిలేశాడు కూడా.

ఆ సాయంత్రం ఆవిడ్ని పెట్టె ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒకే మాటను రకరకాలుగా అంటే తప్ప యంత్రానికి గుర్తుపట్టడం రాదు.

"కోపంగా అను."

"ఏమండీ!"

"అంత కోపం ఎప్పుడొచ్చిందే నీకు? సరే, దూరంనించి పిలిచినట్టు అను."

"ఏమండీ..."

"నిద్రలోంచి లేచినట్టు. ఇప్పుడు జలుబు చేసినట్టు."

జలుబు దగ్గరికొచ్చేసరికి ఆవిడకు నవ్వాగలేదు. నవ్వుతూ అన్న 'ఏమండీ'లను కూడా ఆయన రికార్డు చేసుకున్నాడు. పెట్టె జవాబులకు తన గొంతే ఇచ్చాడు. మొదటిసారి అది, "చెప్పండి" అని పలికినప్పుడు ఆవిడ బుగ్గన చెయ్యి వేసుకుని, "పెళ్ళయ్యాక మీరు నాతో ఇంత మర్యాదగా పలకడం ఇదే మొదలు" అంది. బావమరిది వచ్చి చూసి, "మా అక్కకి ఇద్దరు మొగుళ్ళన్నమాట. రెండోవాడు మాట వింటాడు" అన్నాడు.

ఆవిడ దానికి మర్యాదేమీ ఇవ్వలేదు. ఏమండీ అని పిలిచేది, పలకగానే "ఫ్యానెయ్యి" అనేది, ఎక్కువ మాట్లాడితే "ఊరుకో" అనేది. మొగుడి గొంతు మీద అలా పెత్తనం చెయ్యడం ఆవిడకు సరదాగా ఉండేది.

మొదటి రోజుల్లో పెట్టె ఇల్లు పీకి పందిరేసింది. టీవీ సీరియల్‌లో ఎవరో ఇల్లాలు, "ఏమండీ, నన్ను వదిలి వెళ్ళకండి" అని ఏడిస్తే ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, ఉన్నారా?" అంటే "చెప్పండి" అంది. ఇంట్లో ఎవరూ లేరు, ఆవిడ మూసిన తలుపు బయటే నిలబడి తమ నీళ్ళ మోటారు గొడవంతా దానికి చెప్పుకుని, ఒక్క మాటా సానుభూతి చూపలేదని వెర్షన్ గారి మీద నెలరోజులు మూతి ముడుచుకుంది.

ఆయన పట్టుదలగా కూర్చున్నాడు. ఎవరి గొంతు పడితే వాళ్ళ గొంతుకు కాకుండా, తన భార్య గొంతుకు మాత్రమే పలికేలా దిద్దాడు. కుట్టుమిషను చప్పుడులోంచి, కుళాయి చప్పుడులోంచి, మూసిన తలుపు వెనకనుంచి కూడా ఆవిడ పిలుపు పట్టుకునేలా చేశాడు. ఆఫీసులో నీరుగారిపోయిన మనిషికి ఆ కొన్ని వారాలూ మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

ఈలోగా ఇంకోటి జరిగింది, ఆయన గమనించలేదు. 'ఏమండీ' వినపడగానే ఆయన లేవబోయేవాడు, వెంటనే హాల్లోంచి "చెప్పండి" వచ్చేది, సరే దానికేలే అని కూర్చునేవాడు. కొన్నాళ్ళకు లేవబోవడం కూడా పోయింది. ఆవిడ గుడ్డ పట్టుకోవడానికి పిలిస్తే పెట్టె పలికేది. "చెప్పేదేముంది, చివర పట్టుకో" అని మొదట నవ్వింది. తర్వాత్తర్వాత గుడ్డ అవతలి చివర మీద ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టి, ఒక్కతే కత్తిరించుకోవడం నేర్చుకుంది. "ఈమధ్య పిలవట్లేదే?" అని ఆయన అడగలేదు. పనికి అడ్డం తగలడం లేదని సుఖంగానే ఉన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన ముందుగదిలో కంప్యూటరు ముందున్నాడు. తనలాంటి సాంకేతిక పిచ్చివాళ్ళ గుంపు ఒకటుంది ఆన్‌లైన్‌లో. యంత్రాలకు మన మాట నిజంగా అర్థమవుతుందా, ఉత్తినే నటిస్తాయా అని పొద్దున్నుంచీ అక్కడ వాదన. ఆయన పొడుగాటి జవాబు రాస్తున్నాడు. 'విని, సరైన సమయానికి బదులు పలికితే అర్థమైనట్టే లెక్క. అంతకుమించి అర్థమంటూ వేరే ఏమీ లేదు' అన్న వాక్యం దగ్గరుండగా వెనక గదిలోంచి వినిపించింది.

"ఏమండీ!"

"చెప్పండి" అంది హాల్లో పెట్టె.

ఆయన కామా పెట్టి ముందుకెళ్ళాడు.

"ఏమండీ..."

"చెప్పండి."

ఈసారి ఆయన ఆగాడు. వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది, పిలుపు సన్నగా ఉంది, అయినా పెట్టె ఠక్కున పట్టుకుంది. ఛాతీ కొంచెం పొంగింది. మూడోసారి పిలుపు ఆయనకే సరిగా వినపడలేదు, పెట్టెకు వినపడింది. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంది. ఆయన ఆ సంగతి జవాబు చివర చేర్చాడు. 'ఇప్పుడే మా ఇంట్లో, మూసిన తలుపు వెనకనుంచి, నా చెవికి కూడా అందని పిలుపును నేను చేసిన యంత్రం పట్టుకుంది' అని. గుంపులో చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. అవి చూపించి, ఇదంతా నీ గొంతు మహిమేనని చెబుదామని లేచి వెనక గదికి వెళ్ళాడు.

స్టూలు పక్కకు పడి ఉంది. తలుపు పైనున్న కడ్డీకి కర్టెన్ సగం వేలాడుతోంది, మిగతా సగం ఆవిడ ఒళ్ళో పడి ఉంది. ఆవిడ గోడకు ఆనుకుని కింద కూర్చుని, కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో ఒడిసిపట్టుకుంది. ఏడవడం లేదు. మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"మిమ్మల్నే పిలిచానండీ" అంది.

"నేను... దాన్ని పిలుస్తున్నావనుకున్నా."

"పడిపోయి దాన్నెందుకు పిలుస్తానండీ?"

అడిగిన తీరులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. ఆయన ఆవిడ్ని లేపడానికి ఏ చెయ్యి పట్టుకోవాలో కూడా తెలియక తికమకపడ్డాడు.

ఆస్పత్రిలో ఎముక చిట్లిందని పిండికట్టు వేశారు. "స్టూలెక్కేటప్పుడు ఎవరినైనా పట్టుకోమనాలి కదమ్మా, ఇంట్లో ఎవరూ లేరా?" అన్నాడు డాక్టరు.

"ఉన్నారు" అంది ఆవిడ.

పక్కనే నిలబడ్డ వెర్షన్ గారు గోడకున్న ఎముకల పటం వంక చూశాడు. కుట్టడానికి తెచ్చుకున్న హోటలువాళ్ళ గుడ్డంతా వెనక్కి ఇచ్చేయాల్సివచ్చింది. చూడ్డానికి వచ్చిన బావమరిది పెట్టె వైపు ఒకసారి చూశాడు గానీ, ఎప్పుడూ లేనిది ఒక్క హాస్యమూ ఆడలేదు.

"తీసి అవతల పారేస్తాను" అన్నాడు ఆయన ఆ రోజు, తీగలు పీకబోతూ.

"దాన్నెందుకండీ తియ్యడం? అది పలికింది కదా" అంది.

అంతకంటే ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. కూర్చుని దాని పిలుపు మార్చాడు. ఇప్పుడది 'పెట్టే' అంటేనే పలుకుతుంది. కట్టున్న చేత్తో స్విచ్చులు వేసుకోవడం కుదరదు గనక ఆవిడ దాన్నే వాడుకుంది. "పెట్టే, లైటు తియ్యి." "చెప్పండి" అనే గొంతు మాత్రం ఆయనదే. దాన్ని మార్చాలని ఆయనకు తట్టలేదు.

'ఏమండీ' అన్న మాట మాత్రం ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఏదైనా కావాలంటే ఆవిడే లేచి, ముందుగది గుమ్మం దాకా నడిచొచ్చి, ఆయన తలెత్తేదాకా నిలబడేది. జడ వేసుకోలేకపోయినప్పుడూ అంతే, మందు సీసా మూత రానప్పుడూ అంతే.

"అక్కణ్ణించే పిలవచ్చుగా, ఇంతదూరం రావడమెందుకు?" అన్నాడు ఒకరోజు ఉండబట్టలేక.

"అలవాటు తప్పిందండీ" అంది.

ఆయనకు ఇప్పుడు ఒక్కటే కావాలి. ఆవిడ మళ్ళీ పిలవాలి, తను లేచి వెళ్ళాలి. సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, దానికోసం కాచుకుని కూర్చునేవాడు. గది తలుపు బార్లా తీసి పెట్టాడు. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు సొరుగులో పడేశాడు. గుంపులో ఏదో వాదన నడుస్తుంటే చూశాడు గానీ, రాయబుద్ధి కాలేదు. ఆఫీసులో ఫోనెత్తితే అవతల కళ్ళజోళ్ళ దుకాణం అమ్మాయి, "ఏమండీ, పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదు" అంది. ఆయన కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. కట్టు విప్పేశాక అంతా మామూలవుతుందిలే అనుకున్నాడు. కట్టు విప్పారు. ఆవిడ చిన్నచిన్న కిటికీలకు కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది, అవతలి చివర ఇస్త్రీపెట్టె కింద పెట్టుకుని.

ఒక సెలవురోజు పొద్దున ఆయన ముందుగదిలో ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ! ఏమండీ!"

వంటగదిలోంచి, గట్టిగా.

ఆయన లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. హాల్లో బల్లకోసకు మోకాలు కొట్టుకుంది, ఆగలేదు. వంటగది గుమ్మం పట్టుకుని, ఆయాసపడుతూ, "చెప్పు" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి బయటికి వంగి ఉంది. కింద వీధిలో పార్శిల్ తెచ్చినతను ఇల్లు దొరక్క బండి వెనక్కి తిప్పుకుంటున్నాడు. ఆవిడ అతనికి చెయ్యి ఊపుతూ, తల తిప్పకుండానే, "నిన్ను కాదు, ఊరుకో" అంది. మళ్ళీ వీధిలోకి, "ఏమండీ, ఇక్కడ! మూడో అంతస్తు, ఇటు!" అని కేకేసింది.

ఆయన ఊరుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నోట ఆయనకు 'నువ్వు' అన్న పిలుపు లేదు. పిలుపు మార్చినా ఆవిడకు పాత అలవాటు పోలేదు, ఆ మాట పెట్టెకే గానీ తనకు కాదని ఆయనకు తెలుసు. తన గొంతుకే అని కూడా తెలుసు. మోకాలి నొప్పి అప్పుడు తెలిసింది. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కింద అతను సరేనన్నట్టు చెయ్యెత్తాక ఆవిడ వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఆయన, జారిన కళ్ళజోడుతో, రొప్పుతూ. ఆవిడ చెయ్యి నోటిమీదికి వెళ్ళింది.

"అయ్యో, మీరా!"

"పిలిచావుగా" అన్నాడు.



"మీరొస్తారనుకోలేదండీ" అంది.